కిటికీలో ఎంత ఆకాశం

ఫిబ్రవరి 4

ఒరేయ్ కోతీ,

ఎలా ఉన్నావు? టవర్లెక్కే ఉద్యోగం వద్దురా అంటే విన్నావు కాదు. చిన్నప్పుడు గోడలెక్కితే నాన్న బెత్తం పట్టుకునేవారు, ఇప్పుడు జీతమిచ్చి మరీ ఎక్కిస్తున్నారు. మీ ఆవిడకి దగ్గు తగ్గిందా?

ఈ ఉత్తరం రాసే చెయ్యి నాదే గానీ మాటలు మీ బావవి. ఫోను చేయొచ్చు కదా అంటావు. నేను చేసినప్పుడల్లా నువ్వు ఎక్కడో పైన వేలాడుతూ ఉంటావు, దిగాక చేస్తానంటావు, దిగాక పడి నిద్రపోతావు. పైగా మీ బావకి కాగితం మీద ఉన్నదే మాట. మిల్లులో అన్నేళ్లు టైమ్‌కీపరుగా చేసి, ఊరందరికీ సైరను కూయించిన మనిషి కదా, నోటిమాట గాలికి పోతుందంటారు.

సంగతేమిటంటే, పోయినేడు నువ్వొక పాత టవరు నుంచి ఊడదీసి తెచ్చిచ్చిన పెట్టె ఉంది చూడు, ఉపగ్రహాల నుంచి టైము పట్టేది. దానికి మీ బావ అప్పుడే చెక్కతో గూడు చేశారు. ఎర్ర అంకెలు కనపడేలా ముందువైపు అద్దం కూడా బిగించారు. ఇప్పుడు యాంటెన్నా కావాలట. ఏది మంచిదో నిన్నే అడగమన్నారు. అది గదిలో కిటికీ దగ్గరే ఉండాలి, మేడ మీద కుదరదు. కిటికీకి ఇనప చువ్వలున్నాయి, పైన రేకు ఉంది. వాటివల్ల ఇబ్బందా? ఇంకో మాట. యాంటెన్నా నుంచి పెట్టెదాకా వచ్చే తీగలో టైము ఎంత ఆలస్యమవుతుందో కచ్చితంగా రాయమన్నారు. దాన్ని లెక్కలో కలుపుకుంటారట.

ఇంతవరకు చదివి వినిపించాను. తల ఊపారు. ఇక కింద రాసేది నాది.

తొందరేమీ లేదురా. గోడ మీద గడియారం నిక్షేపంలా ఉంది, ఈ వయసులో అది చాలదూ? మీ బావ కాలు బెణికి ఇంటిపట్టునే ఉంటున్నారు, ఊసుపోక ఈ పెట్టె మీద పడ్డారు. నీ పనులన్నీ చూసుకుని, తీరిక చిక్కితేనే రాయి. నా మోకాళ్ల సంగతి అడుగుతావని నాకు తెలుసు. అవి ఎక్కడికి పోతాయి, నాతోనే ఉన్నాయి.

మీ అక్క


ఫిబ్రవరి 12

అక్కా,

ఉత్తరం అందింది. మీ మరదలికి దగ్గు తగ్గింది, నాకు పట్టుకుంది. మా ఇంట్లో ఏ రోగమైనా వంతులవారీగానే నడుస్తుంది. ఈ కిందిది బావకి చదివి వినిపించు.

బావా, యాంటెన్నా ఏది అనేదాని కన్నా దాన్ని ఎక్కడ పెడతాం అనేది ముందు తేలాలి. ఒక రకం అగ్గిపెట్టెంత ఉంటుంది, అడుగున అయస్కాంతంతో కార్ల మీద అతికించుకునేది. ఇంకోటి పుట్టగొడుగులా ఉంటుంది, గొట్టం మీద నిలబెట్టాలి. టవర్ల మీద టైము కోసం మేము వాడేది అదే. భూములు కొలిచేవాళ్లది ఇంకొకటుంది, పళ్లెమంత. అది మీకు వద్దు, మోయడానికే ఒక మనిషి కావాలి.

నా మాట వింటే పుట్టగొడుగు, అదీ మేడ మీద. అది పైనుంచి వచ్చేదాన్నే వింటుంది, పక్కల నుంచి వచ్చేదాన్ని పట్టించుకోదు. కిటికీలో పెడితే ఎదురింటి గోడకి తగిలి తిరిగొచ్చే సంకేతం కూడా వస్తుంది, కాస్త ఆలస్యంగా. మన పెట్టె దాన్నీ నిజమే అనుకుంటుంది. ఒక మాటని మనం స్వయంగా వినడానికీ, పక్కింటావిడ చెప్పగా వినడానికీ ఎంత తేడా ఉంటుందో అంత తేడా. తీగ సంగతి అడిగారు. మీటరు తీగకి, సెకనుని నూరుకోట్ల ముక్కలు చేస్తే అందులో ఐదు ముక్కల ఆలస్యం. మీరు కలుపుకుంటానంటే కలుపుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

పెట్టె మొదట తానెక్కడుందో తేల్చుకోవాలి. అందుకు నాలుగు ఉపగ్రహాలైనా కనపడాలి. ఒకసారి తేలాక ఒక్కటి కనపడినా చాలు, టైము తప్పదు. కాదు, కిటికీయే అంటారా, అయితే ఆకాశం బొమ్మ గీసి పంపండి. యాంటెన్నా పెట్టే చోట కన్ను పెట్టి చూసి, ఎంత ఆకాశం కనపడుతోందో, ఏవేవి అడ్డొస్తున్నాయో గీయాలి. ప్రతి టవరు దగ్గరా మేము చేసే పనే ఇది.

అక్కా, ఇక్కణ్నుంచి నీకు మాత్రమే. జేబులో ఫోనుండగా ఇన్ని గడియారాలెందుకు బావా అని పోయినసారి నోరు జారాను. ఆ కోపంతోనేనా మేడ వద్దంటున్నారు? ఆయన పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్లు కదా. నువ్వే ఎలాగో నచ్చజెప్పు.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 21

ఒరేయ్,

నీకు మాత్రమే అని రాసినదాన్ని వేరే కాగితం మీద రాయాలని తెలియదా? చదివే వేగంలో నేను ఆగలేదు, కుందేలు దాకా పోయాక గానీ నాలుక కరుచుకోలేదు. మీ బావ ఏమన్నారో తెలుసా? "మూడు కాళ్లుంటే నాలుగోది నేను చేసి తగిలిస్తాను. వాణ్ని యాంటెన్నా సంగతి చూడమను." ఫోను మాట ఆయన ఎప్పుడో మర్చిపోయారు. నువ్వు భద్రంగా గుర్తు చేశావు.

బొమ్మ ఇందులో పెట్టాను. ఆయనే గీశారు. రెండు రోజులు పట్టింది. నన్ను ముట్టుకోనివ్వలేదు.

మేడ సంగతి మాత్రం ఎత్తకు. మాకు ఇల్లు అద్దెకిచ్చిన ఇంటాయన పైనే ఉంటాడు, తాళం ఇవ్వడు. గోడకి చిల్లు పెట్టనివ్వడు. గొట్టం పాతుతామంటే మీద పడతాడు. ఉన్న ఇల్లు పోగొట్టుకుని ఆకాశానికి నిచ్చెన వేసుకుంటామా?

రోజులు ఎలా పోతున్నాయో తెలియడం లేదు. పొద్దున లేచినప్పుడే ఒళ్లు బరువుగా ఉంటుంది. బట్టలు ఉతకడం, ఆరేయడం, మడతలు పెట్టడం, మళ్లీ ఉతకడం. ఇద్దరు మనుషులకి ఇన్ని దుప్పట్లేమిటని పక్కింటావిడ అడిగింది. చలి అని చెప్పాను. ఆవిడ ఫ్యాను కింద కూర్చుని అడిగింది ఆ మాట.

నువ్వు పైన ఉన్నప్పుడు కిందికి చూడకు.

అక్క


మార్చి 3

అక్కా,

బొమ్మ చూశాను. మా వాళ్లందరికీ కూడా చూపించాను. మిల్లులో గీత గీస్తే స్కేలు సిగ్గుపడేదని చెప్పుకునే మనిషి గీసినదేనా ఇది? గీతలన్నీ వానపాముల్లా ఉన్నాయి. వయసు మీద పడుతోందని చెప్పు బావకి, నేనన్నానని చెప్పు.

అయినా శుభవార్తే. నేను అనుకున్నంత అడ్డేమీ లేదు. కింద కిటికీ గట్టు, పైన రేకు, మధ్యలో పట్టెడు ఆకాశం, మూలగా ఒక నీళ్ల ట్యాంకు కొస. ఎదురిల్లు అసలు కనపడటమే లేదు. అంటే గోడకి తగిలి వచ్చే బాధ తక్కువ. పై మూలలో పొడుగ్గా నల్లగా ఏదో గీశారు, అది ఎవరి మేడ రేకో అర్థం కాలేదు. అదేమిటో అడిగి రాయి.

సరే, ఆయన పంతమే నెగ్గనీ. అగ్గిపెట్టె యాంటెన్నా ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. చువ్వల బయట, గట్టు మీద పెట్టండి. పెట్టె మీద ఎర్ర దీపం పోయి పచ్చ దీపం వస్తే పట్టినట్టు. ఓపిగ్గా ఒక రోజంతా చూడండి.

ఇంటాయన సంగతి నాకు వదిలెయ్యి. మర్యాదగా నేనే ఒక ఉత్తరం రాశాను. యాంటెన్నా అంటే జనం భయపడతారు, అరచేతిలో పట్టేంత వస్తువని చెబితే ఎవరూ కాదనరు. మాకు రోజూ ఉన్న భాగోతమే ఇది.

ఇక్కడ గాలులు మొదలయ్యాయి. పైకెక్కితే చెవులు దిబ్బడేస్తున్నాయి. ఇంటికి రాగానే మీ మరదలు ఏమడిగినా ఊఁ అంటున్నాను. దేనికి ఊఁ అన్నానో తర్వాత తెలుస్తోంది.

తమ్ముడు


మార్చి 13

తమ్ముడికి,

నువ్వు పంపింది పెట్టి చూశాం. ఒక రోజు కాదు, నాలుగు రోజులు చూశాం. ఎర్ర దీపమే వెలుగుతోంది. మీ బావ ఆ దీపాన్నే చూస్తూ ఉన్నారు. నిన్న సరిగా భోజనం చెయ్యలేదు.

ఇక చాలురా. పెట్టె పాడైపోయిందని, ఇక పనికిరాదని రాసెయ్యి. పాత టవరు నుంచి పీకేసిన సరుకు, పాడవకుండా ఎలా ఉంటుంది?

ఇంటాయనకి నిన్నెవరు రాయమన్నారు?

అక్క


మార్చి 22

అక్కా,

ఈసారి ఇది బావకి చదవకు.

మీ ఇంటాయన జవాబు రాశాడు. చాలా మర్యాదస్తుడు. "మేడ మీద ఏం పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు. తాళం అడగనేలేదే ఎవరూ? మేడకి అసలు తాళమే వెయ్యను," అని రాశాడు. మొదట కోపం వచ్చింది. ఇన్నాళ్లూ బావది మొండితనం అనుకుంటున్నాను, అబద్ధాలు ఆడుతున్నది నువ్వా?

రెండోది చెబుతాను విను. బావ బొమ్మని ఇక్కడ పనిముట్ల గదిలో గోడకి అతికించాను, నవ్వుకోవడానికి. నిన్న అక్కడ కూర్చుని టీ తాగుతూ దాన్నే చూస్తున్నాను. మీ కిటికీ నాకు కొత్తది కాదు. ఎన్నిసార్లు ఆ గట్టు మీద మోచేతులు ఆనించి నిలబడలేదు! ఎదురింటి వరండా, ఆరేసిన బట్టలు, ఆ ముసలాయన పడక్కుర్చీ, అన్నీ కనపడతాయి. గట్టు దగ్గర కన్ను పెట్టి గీస్తే అవన్నీ బొమ్మలోకి రావాలి. ఒక్కటీ రాలేదు. కూర్చుని గీసినా సగం రావాలి.

పై మూలలో ఉన్న ఆ నల్లటిదేమిటో నువ్వు రాయలేదు. రాయనక్కర్లేదు. అది మీ గదిలో ఫ్యాను రెక్క. కిటికీ, ఫ్యాను రెక్క ఒకే చూపులో ఎవరికి కనపడతాయి అక్కా? మంచం మీద వెల్లకిలా పడుకున్న మనిషికి. ఆ వంకర గీతలు ఎడం చేత్తో గీసినవి. నేను వాటిని పదిమందికి చూపించి నవ్వాను.

బావకి ఏమైంది? కాలు బెణికిందని ఇంకోసారి రాయకు.

తమ్ముడు


మార్చి 30

ఒరేయ్ నాన్నా,

రాస్తున్నాను. వంటింట్లో కూర్చుని రాస్తున్నాను, ఆయనకి కనపడదు.

కొత్త సంవత్సరం వచ్చిన వారానికి మీ బావకి పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది. మాట ముద్దగా వస్తోంది. ప్రాణానికి భయం లేదన్నారు, నెమ్మదిగా కొంత వస్తుందన్నారు, ఎంత అనేది ఎవరూ చెప్పలేదు. నీకెందుకు చెప్పలేదంటే, నువ్వు తాడు మీద వేలాడే మనిషివి. పైన ఉండగా ఇది గుర్తొచ్చి నీ కాలు వణికితే? ఒకరు మంచం పట్టారు, చాలు అనుకున్నాను. అందరికీ కాలు బెణికిందనే చెప్పాను. పక్కింటావిడకి తెలుసనుకుంటాను, దుప్పట్లు చూసి.

ఇక యాంటెన్నా సంగతి. అంతా చెబుతాను, ఆ తర్వాత తిట్టు.

మిల్లులో ఆఖరి సైరను తొమ్మిదికి. ఆ కూత పడందే మీ బావకి రోజు ముగిసినట్టు కాదు. మిల్లు మూతపడ్డా ఆ అలవాటు పోలేదు. ఇప్పుడు మంచంలో ఉన్నా గడియారం తొమ్మిది చూపించేదాకా కళ్లు మూయరు. నీళ్లు, దిండు, పక్కకి తిప్పు, కాలు నొక్కు, కిటికీ తియ్యి, కిటికీ వెయ్యి. ఆయన తప్పు కాదు. చేతగాని ఒంటితో మనిషి ఏం చేస్తాడు, అడుగుతాడు. కానీ నాకు సాయంత్రమయ్యేసరికి నిలబడే ఓపిక ఉండదు. ఒకరోజు ఆయన వీపు తుడవడానికి గోడవైపు తిప్పి పడుకోబెట్టాను. ఆయన మొహం అటుంది. నేను స్టూలు వేసుకుని ఎక్కి గడియారం ముల్లు గంట ముందుకి తోసేశాను. కాసేపటికి తొమ్మిదయింది. ఆయన దాన్ని చూసి కళ్లు మూసుకున్నారు. అప్పట్నుంచి రోజూ అంతే. పొద్దున ఆయన లేవకముందే మళ్లీ వెనక్కి తిప్పేస్తాను.

ఆ గంటలో నేనేం చేస్తానో తెలుసా? ఏమీ చెయ్యను. వంటింటి నేల మీద నడుం వాల్చి పైకప్పు చూస్తాను. రోజు మొత్తంలో నాది అనుకునేది అదొక్కటే.

ఇప్పుడు ఆయనకి నూరుకోట్ల వంతుల్లో కూడా తప్పని గడియారం కావాలట. దానికి ముల్లు కూడా లేదు, తొయ్యడానికి. నువ్వు పంపిన అగ్గిపెట్టెని నేను గట్టు మీద పెట్టలేదు. చువ్వల దాకా తీగ వేసినట్టే వేసి, దాన్ని తీసుకెళ్లి అలమరలో స్టీలు డబ్బాల వెనక పెట్టాను. పచ్చ దీపం ఎలా వస్తుంది?

ఆయనకి ఆకాశం గురించి నువ్వు చెబితేనే నమ్మకం. ఈ కిటికీకి ఏ యాంటెన్నా పనికిరాదని నీ చేత్తో ఒక్క ముక్క రాసి పంపు. పెట్టె కోసం ఆయన రెండు రోజులు బాధపడతారు, మర్చిపోతారు. ఒక్క అబద్ధం రా. జన్మలో నిన్ను ఇంకేమీ అడగను.

అక్క


ఏప్రిల్ 6

అక్కా,

నువ్వడిగింది రాద్దామని కూర్చున్నాను. "బావా, మీ కిటికీ పనికిరాదు" అని రాశాను, చించాను. మళ్లీ రాశాను, మళ్లీ చించాను. మంచం మీద ఉన్న మనిషికి మిగిలిందే ఆ పట్టెడు ఆకాశం. రెండు రోజులు కష్టపడి ఎడం చేత్తో గీసి పంపారు. అది కూడా దేనికీ పనికిరాదని నేనెలా రాయను?

అలాగని నీ గంట ఊడలాక్కోవడానికీ నాకు చేతులు రావడం లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తిట్టమన్నావు కదా, ఒక్క విషయానికి తిడతాను. నా కాలు వణుకుతుందని చెప్పలేదన్నావు. ఇప్పుడు వణకడం లేదా? మూడు నెలలు నువ్వొక్కదానివే ఆయన్ని ఎత్తి దించావు. ఇంత దూరంలో నేనుండి ఎందుకు?

ఆదివారం వస్తున్నాను. పుట్టగొడుగు తెస్తున్నాను. బిగిస్తానో, పనికిరాదని ఆయన మొహం చూసి చెబుతానో నాకే తెలియదు. వచ్చాక చూద్దాం. నువ్వేమీ వండకు. నేను రాగానే నువ్వు పడుకోవాలి, అంతే.

తమ్ముడు


ఏప్రిల్ 21

ఒరేయ్ కోతీ,

క్షేమంగా చేరావని ఫోనులో విన్నాను. నువ్వొచ్చి వెళ్లాక మీ బావ మొహం తేటపడింది. ఆ మాట ముందు చెప్పాలి. నువ్వున్న మధ్యాహ్నం నేను ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. అలా నిద్రపోయి ఎన్నాళ్లయిందో.

ఇక రెండో మాట. లేచి చూసేసరికి నువ్వు కిటికీ బయట పుట్టగొడుగు బిగించేశావు. పచ్చ దీపం వెలిగించేశావు. గోడ గడియారం కూడా చంకన పెట్టుకుపోయావు, నూనె వేయించాలని బావ చెప్పారని. ఇప్పుడు ఆయన కాళ్ల దగ్గర ఎర్ర అంకెలు నిలబడి ఉన్నాయి. నీ పుట్టగొడుగు బ్రహ్మాండంగా పనిచేస్తోంది, నా నడుమే పనిచేయడం లేదు. నిన్ను రాయమన్నది ఒక్క ముక్క. దానికి బదులు బస్సెక్కి వచ్చి నా గంట పట్టుకుపోయావు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నది ఇందుకే.

కోపంగా రాస్తున్నాననుకోకు. కోపానికి ఓపిక ఎక్కడిది? ఇప్పుడు తొమ్మిదంటే తొమ్మిదే. దాని దాకా నిలబడాలి. నిలబడుతున్నాను.

అవునూ, వంటింట్లో పొయ్యి పక్కన ఆ తెల్ల స్విచ్చేమిటి? వేసి తీసి చూశాను, ఏ దీపమూ వెలగలేదు. షాకు కొడుతుందేమోనని మళ్లీ ముట్టుకోలేదు. మీ బావని అడిగితే ఏదో చెప్పబోయి, మాట రాక, నవ్వి ఊరుకున్నారు. విడమరిచి అడిగే ఓపిక నాకు లేకపోయింది.

అక్క


ఏప్రిల్ 29

అక్కా,

నేనే చెబుతాను, నువ్వు చెప్పకు అని బావ నా చేత ఒట్టేయించుకున్నారు. ఆయనకి ఇంకా మాట కుదరలేదన్నమాట. ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్నాను.

ఆ మధ్యాహ్నం నువ్వు నిద్రపోతున్నావు. యాంటెన్నా పనికిరాదని చెప్పేద్దామనే నేను ఆయన దగ్గరికి వెళ్లాను. నోరు తెరిచేలోగానే ఎడం చేత్తో రమ్మని సైగ చేశారు.

"స్టూలు," అన్నారు.

కూర్చోమంటున్నారని స్టూలు తెచ్చి వేసుకున్నాను. కాదని తల ఊపారు.

"మీ అక్క ఎక్కుతోంది." ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పారు. "రోజూ ఎక్కుతోంది. మోకాళ్లు బాలేవు. పడుతుంది. పడితే నేను లేపలేను."

"మీకెప్పట్నుంచి తెలుసు బావా?" అన్నాను.

"మొదటి రోజే తెలుసు. మొహం గోడవైపు ఉంటే చెవులు కూడా గోడవైపు పోతాయా? ఆ స్టూలుకి ఒక కాలు పొట్టి, టక్కుమంటుంది. ముల్లు తోస్తే గడియారం ఒక టిక్కు మింగుతుంది."

"మరి తొమ్మిదయిందని రోజూ నిద్రపోయేవారు కదా?"

"నిద్రెక్కడ? కళ్లు మూసుకునేవాణ్ని. నేను చూస్తుంటే తను పడుకోదు."

అందుకేనక్కా యాంటెన్నా యాంటెన్నా అని అంత పోరు పెట్టింది. స్టూలెక్కి తొయ్యనక్కర్లేని గడియారం కోసం. మేడ ఎందుకు వద్దన్నారో తెలుసా? మేడ మెట్లు ఎక్కాల్సింది నువ్వేనని. కొన్ని దేశాల్లో ఎండాకాలం గడియారాల్ని గంట ముందుకి జరుపుకుంటారట, అందుకని ఆ పెట్టెలో గంట కలిపే ఏర్పాటు ముందే ఉంది. దాన్నుంచి తీగ లాగి స్విచ్చు పెట్టమన్నారు. పొయ్యి పక్కన, మీ అక్క చెయ్యి ఎత్తకుండా అందాలి అన్నారు. స్విచ్చు వేస్తే గంట ముందుకి, తీస్తే సరైన టైముకి. నువ్వు వంటింట్లో ఉండి వేసి తీసేశావు, గదిలో అంకెలు మారడం నీకెలా కనపడుతుంది?

నేను ఉండబట్టలేక అడిగాను. "గంట తప్పు చూపించడానికి ఉపగ్రహాలెందుకు బావా? ఏ గడియారమైనా సరిపోయేది కదా?" ఆయన నన్ను చిన్నపిల్లాణ్ని చూసినట్టు చూశారు. "తప్పు గడియారానికి గంట కలిపితే ఏమొస్తుందిరా? కలపాలంటే ముందు సరైన టైము ఉండాలి," అన్నారు.

తీగ ఎంత పొడుగుందో కొలిపించి, ఆ ఆలస్యం కూడా పెట్టెలో ఎక్కించేదాకా నన్ను వదల్లేదు.

పై నెల నుంచి ప్రతి పదిహేను రోజులకీ ఒక శని ఆదివారం వస్తాను. మీ మరదలు కూడా సరే అంది. ఈసారి నేను దేనికి ఊఁ అంటున్నానో తెలిసే ఊఁ అన్నాను.

నీ తమ్ముడు


మే 6

నాన్నా,

నీ ఉత్తరం వంటింట్లో చదివాను. చదివి కాసేపు ఆ స్విచ్చునే చూస్తూ కూర్చున్నాను. ఏడ్చాను కూడా. ఏడవడానికి ఓపిక ఉన్నందుకు నాకే ఆశ్చర్యమేసింది.

ఆయనకి తెలుసట. ఆయనకి తెలుసని నాకు తెలియదు. నేను వంటింటి నేల మీద పడుకుంటే, ఆయన మంచం మీద నిద్ర రాకపోయినా కళ్లు మూసుకుని ఉన్నారు. ఇద్దరం ఎవరి అబద్ధం వాళ్లం మోశాం, ఒకే గోడకి అటొకరం ఇటొకరం.

నిన్న సాయంత్రం ఆయన వీపు తుడిచాను. గోడవైపు తిప్పలేదు, నావైపే తిప్పుకున్నాను. స్విచ్చు వెయ్యలేదు. ఈ మనిషికి ఇంక అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. దుప్పటి కప్పి మంచం పక్కన కూర్చున్నాను. ఎర్ర అంకెలు అప్పుడే ఎనిమిది దాటాయి. తొమ్మిది దాకా కూర్చుందామనే అనుకున్నాను.

మీ బావ ఆ అంకెల వైపు చూశారు. తర్వాత నావైపు చూశారు, చాలాసేపు.

"తొమ్మిదయింది," అన్నారు. ఈమధ్య ఆయన నోట అంత స్పష్టంగా మాట రావడం నేను వినలేదు. "పోయి పడుకో."

ఊరంతా ఆయన కూత విని గడియారాలు సరిచేసుకునేది. పెళ్లయిన ఇన్నేళ్లలో టైము విషయంలో ఆ మనిషి నోట ఒక్క నిమిషం తప్పు దొర్లగా నేను చూడలేదు. నీ పుట్టగొడుగు ఎదురుగా సాక్ష్యం చెబుతుండగానే గంట తప్పు చెప్పి, మంచి పని చేసిన పిల్లాడిలా కళ్లు మూసుకున్నారు.

"అవును, తొమ్మిదయింది," అన్నాను. ఆయన మంచం పక్కనే పక్క వేసుకుని పడుకున్నాను.

స్టూలు పక్కింటావిడకి ఇచ్చేశాను. కాలు పొట్టిదని చెప్పే ఇచ్చాను. నువ్వు పైన జాగ్రత్త.

అక్క